వీపు మీద పొయ్యి

అమెరికాలో మెక్సికో సరిహద్దు దగ్గర మొదలై కెనడా సరిహద్దు దాకా సాగే కాలిబాట ఒకటుంది. పేరు పసిఫిక్ క్రెస్ట్ ట్రయిల్, పొడవు దాదాపు 4,265 కిలోమీటర్లు. ఒకే సీజన్‌లో దాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు నడిచేవాళ్లను త్రూ హైకర్లంటారు. నెలల తరబడి ఇల్లంతా వీపు మీదే కాబట్టి బయల్దేరే ముందు ప్రతి వస్తువునూ త్రాసు మీద పెట్టి చూస్తారు. టూత్‌బ్రష్ పిడి విరిచేస్తారు, సంచికి వేలాడే అదనపు పట్టీలు కత్తిరిస్తారు. టెంటు, స్లీపింగ్ బ్యాగు, కోటు ఇవన్నీ త్రాసు మీద ఉన్నదున్నట్టు తూగుతాయి. స్టవ్ దగ్గరే లెక్క తప్పుతుంది. దాని అసలు బరువు దాంట్లో ఉండదు. అది తాగే ఇంధనంలో, గిన్నె మూతలో, వీచే గాలిలో, కరిగించాల్సిన మంచులో ఉంటుంది. ఈ యంత్రం చరిత్ర మొదటి నుంచీ ఇదే గొడవ.

కిరసనాయిలును వత్తితో కాలిస్తే పసుపు మంట, గిన్నె అడుగున మసి. నూనె పూర్తిగా కాలడానికి సరిపడా గాలి అందకపోవడమే కారణం. 1892లో స్టాక్‌హోంలో ఫ్రాన్స్ విల్‌హెల్మ్ లిండ్‌క్విస్ట్ అనే మెకానిక్ వత్తినే తీసేశాడు. టాంకీలోకి చేత్తో పంపు కొట్టి గాలి ఎక్కిస్తే, ఆ ఒత్తిడికి నూనె బర్నరు గొట్టాల్లోకి ఎగబాకుతుంది. గొట్టాలు ముందే కాగి ఉంటాయి కాబట్టి అక్కడ ఆవిరైపోతుంది. ఆ ఆవిరి సూదిమొనంత రంధ్రంలోంచి దూసుకొస్తూ చుట్టూ ఉన్న గాలిని తనతో లాక్కుని కాలుతుంది. ఫలితం నీలి మంట, మసి లేని గిన్నె. దాని పేరు ప్రైమస్. మన ఇళ్లలో గ్యాసు రాకముందు బుస్సుమంటూ చప్పుడు చేసిన పంపు స్టవ్ దాని సంతతే. కప్పులో కాస్త స్పిరిట్ పోసి అంటించడం, బర్నరు ఎర్రబడ్డాక పంపు కొట్టడం, మంట తగ్గితే పిన్నుతో రంధ్రం పొడవడం తెలిసిన పెద్దవాళ్లకు ధ్రువయాత్రికుల వంట కొత్తగా చెప్పనక్కర్లేదు. వాళ్లు చేసిందీ అదే, కాకపోతే మంచు మీద.

ధ్రువాల మీద ఈ స్టవ్ విలువ వంటలో కంటే నీళ్లలో తెలిసింది. 1895 మార్చిలో నార్వే యాత్రికుడు ఫ్రిట్‌యాఫ్ నాన్సెన్, అతని సహచరుడు యోహాన్సెన్ ఇద్దరూ ఓడ దిగి ఉత్తర ధ్రువం వైపు కుక్కబండ్లతో బయల్దేరారు. దాదాపు 20 లీటర్ల కిరసనాయిలు వాళ్లకు సుమారు 120 రోజులు వచ్చింది. అంటే ఇద్దరికి రోజుకు 170 మిల్లీలీటర్లు కూడా పడలేదు. దాంతోనే రెండు పూటలా వేడి తిండి, తాగడానికి నీళ్లు. రహస్యం స్టవ్‌లో కంటే నాన్సెన్ కుక్కర్‌లో ఉంది. మధ్య గిన్నెలో వంట ఉడుకుతుంటే, పక్కలనుంచి పైకి పోయే వేడి చుట్టూ ఉన్న మరో పాత్రలో మంచును కరిగించేది. బయటికి పోయే వేడిని మళ్లీ పట్టుకోవడమన్న ఈ ఆలోచన నూరేళ్ల తర్వాత, అడుగున రేకుల మడతలున్న నేటి హైకింగ్ గిన్నెల్లో తిరిగి కనిపిస్తుంది.

మంచు దగ్గర ఇంధనం ఎందుకంత ఖర్చవుతుందో చూద్దాం. సున్నా డిగ్రీల దగ్గరున్న కిలో మంచును అదే సున్నా డిగ్రీల నీళ్లుగా మార్చడానికి 334 కిలోజౌళ్ల వేడి కావాలి. అంతే వేడితో ఆ నీళ్లను సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచవచ్చు. థర్మామీటరు ఒక్క గీత కూడా కదలకుండానే అంత ఇంధనం అయిపోతుందన్నమాట. పారే వాగు పక్కన నడిచేవాడికి, మంచు మీద నడిచేవాడికి ఒకే స్టవ్ సరిపోదనడానికి ఈ అంకె చాలు.

దక్షిణ ధ్రువం దగ్గర ఇది ప్రాణాల మీదికి వచ్చింది. 1912లో ధ్రువం నుంచి తిరిగొస్తున్న బ్రిటిష్ యాత్రికుడు స్కాట్ బృందం, దారిలో దాచిపెట్టుకున్న కిరసనాయిలు డబ్బాలు తెరిస్తే నూనె తగ్గిపోయి ఉంది. బిరడాల తోలు వాషర్ల సందుల్లోంచి అది జారిపోయింది. నూనె లేదంటే వేడి తిండి లేదు, తాగడానికి నీళ్లూ లేవు. తర్వాతి డిపో ఇంకా సుమారు 18 కిలోమీటర్లుందనగా వాళ్లు ఆగిపోయారు. వాళ్లకంటే ముందు ధ్రువం చేరిన ఆముండ్సెన్ తన డబ్బాలకు టంకం వేయించి సీలు చేయించాడు. స్కాట్ మరణానికి నూనె ఒక్కటే కారణం కాదు. తిండి చాలకపోవడం, విపరీతమైన చలి, జబ్బులు అన్నీ కలిశాయి. అయినా తేలికపాటి సామాను గురించి మాట్లాడే ఎవరైనా ఆ వాషర్లను గుర్తుంచుకోవాలంటాను. పనిచేయని తేలిక వస్తువు అన్నిటికంటే బరువైనది.

ఎవరెస్ట్ మీద కూడా ఇదే పాఠం. 1952 మే నెలలో స్విస్ బృందంతో వెళ్లిన టెన్జింగ్ నోర్గే, రేమోన్ లాంబేర్ 8,400 మీటర్ల దగ్గర స్టవ్ లేకుండా, స్లీపింగ్ బ్యాగులు లేకుండా ఒక రాత్రి గడిపారు. ఖాళీ డబ్బాలో మంచు వేసి కొవ్వొత్తి మీద కరిగించుకున్న నీళ్లే ఆ రాత్రి వాళ్లకు దొరికినవి. మర్నాడు దాదాపు 8,600 మీటర్లదాకా వెళ్లి వెనుదిరిగారు. మరుసటి ఏడు బ్రిటిష్ బృందంలో గ్రిఫిత్ ప్యూ అనే శరీరధర్మ శాస్త్రవేత్త ఉన్నాడు. అంత ఎత్తున ఊపిరితోనే ఒంట్లో నీరు చాలా పోతుందని, ఎక్కేవాళ్లు రోజూ లీటర్ల కొద్దీ తాగాలని పట్టుబట్టి, స్టవ్‌ల మీద శ్రద్ధ పెట్టించాడు. 1953 మే 29 తెల్లవారుజామున 8,500 మీటర్ల దగ్గరి టెంటులో టెన్జింగ్, హిల్లరీ స్టవ్ వెలిగించి వేడివేడిగా తాగారు. రాత్రి గడ్డకట్టిపోయిన హిల్లరీ బూట్లు మెత్తబడింది కూడా ఆ మంట మీదే.

ఇక్కడి నుంచి కథ అడవిదారులకు దిగుతుంది. కిరసనాయిలు, పెట్రోలు స్టవ్‌లు నమ్మకమైనవే కానీ ఇత్తడి బరువు. స్వీడన్‌లో చేసిన స్వేయా 123 లాంటి చిన్న పెట్రోలు స్టవ్ కూడా అర కిలో తూగేది. 1973లో సియాటిల్‌కు చెందిన ఎం.ఎస్.ఆర్. కంపెనీ స్టవ్ నుంచి టాంకీని విడదీసింది. ఇంధనం తెచ్చుకునే సీసానే టాంకీ, దానికి బిగించే పంపు, మధ్యలో సన్నని గొట్టం. టాంకీ పోయాక స్టవ్‌కు మిగిలింది బర్నరు మాత్రమే. మరోపక్క యుద్ధానంతర ఫ్రాన్స్‌లో పుట్టిన చిన్న గ్యాస్ డబ్బాలు పంపునూ, ముందుగా కాచే పనినీ కూడా తీసేశాయి. ఇప్పుడు డబ్బా మీద బిగించే టైటానియం స్టవ్ 25 గ్రాములకే దొరుకుతోంది. నాలుగు వేళ్ల మధ్య మడిచి పట్టుకోవచ్చు.

అసలు స్టవ్ ఎందుకనేవాళ్లూ ఉన్నారు. 1955లో ఎమ్మా గేట్‌వుడ్ అనే ఒహాయో బామ్మ, 67 ఏళ్ల వయసులో, అపలాచియన్ ట్రయిల్‌ను ఒంటరిగా ఒకే విడతలో నడిచింది. అప్పట్లో దాని పొడవు దాదాపు 3,300 కిలోమీటర్లు. సొంతంగా కుట్టుకున్న గుడ్డసంచి ఒక భుజాన వేసుకుని, వానకు స్నానాల గది ప్లాస్టిక్ తెర తెచ్చుకున్న ఆవిడ స్టవ్ మాత్రం తేలేదు. డబ్బా సాసేజీలు, ఎండుద్రాక్ష, గింజలు తింటూ నడిచింది. ఇప్పటి కుర్రాళ్లు కొందరు మూత గట్టిగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో నూడుల్స్, ఓట్స్ లాంటివి వేసి చన్నీళ్లు పోసి సంచిలో పెట్టుకుని, మన అటుకులు నానేసినట్టు నడుస్తూనే నానబెట్టుకుంటారు. ఎండాకాలం, ఎడారి దారుల్లో ఇది చక్కని పద్ధతి. కానీ వానలో తడిసి చలితో వణుకుతున్నవాడికి ఒక గ్లాసు వేడి టీ సౌకర్యం కాదు, అవసరం. అందుకే ఎత్తైన కొండదారుల్లో స్టవ్ మానేయమని నేను ఎవరికీ చెప్పను.

1992లో రే జార్డిన్ పసిఫిక్ క్రెస్ట్ ట్రయిల్ నడిచేవాళ్ల కోసం ఒక చేతి పుస్తకం రాశాడు. అంతకుముందు ఆయన విమాన, రాకెట్ రంగంలో ఇంజినీరు. రాతికొండలెక్కేవాళ్లు పగుళ్లలో పెట్టి తాడు కట్టుకునే ఫ్రెండ్స్ అనే స్ప్రింగు సాధనం కూడా ఆయన కనిపెట్టిందే. బరువు తగ్గితే బూట్లు తేలికవుతాయి, బూట్లు తేలికైతే అలసట తగ్గుతుంది, అలసట తగ్గితే దూరం పెరుగుతుందన్న ఆయన వాదం చాలామందిని మార్చింది. ఆ ప్రభావంలోనే బేస్ వెయిట్ అనే లెక్క అందరి నోళ్లలో పడింది: తిండి, నీళ్లు, ఇంధనం మినహాయించి మిగతా సామాను బరువు. 4.5 కిలోలలోపు ఉంటే అల్ట్రాలైట్ అంటారు. ఈ లెక్క మంచిదే కానీ స్టవ్ విషయంలో తప్పుదారి పట్టిస్తుంది, ఎందుకంటే ఇంధనాన్ని లెక్కలోంచి తీసేస్తుంది.

దీనికి మంచి ఉదాహరణ స్పిరిట్ స్టవ్. కూల్‌డ్రింకు టిన్నులు రెండు తీసుకుని అడుగుభాగాలు బ్లేడుతో కోసి, ఒకదాన్ని మరోదానిలోకి నెట్టాలి. రెండు గోడల మధ్య సన్నని ఖాళీ మిగలాలి. పై అంచు చుట్టూ గుండుసూదితో రంధ్రాలు పొడవాలి. మధ్యలో స్పిరిట్ పోసి అంటిస్తే మొదట గుంటలో మెల్లగా, బద్ధకంగా మండుతుంది. కాసేపటికి రేకు వేడెక్కి, గోడల మధ్య స్పిరిట్ మరిగి, ఆవిరి ఆ సూది రంధ్రాల్లోంచి బయటికొస్తుంది. ఒక్కో రంధ్రం దగ్గర ఒక్కో నీలి నాలుక లేస్తుంది. లిండ్‌క్విస్ట్ సూత్రమే, పంపు లేకుండా. ఇథైల్ ఆల్కహాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది కాబట్టి పంపు అవసరం రాలేదు. బరువు 10–15 గ్రాములు, ఖర్చు దాదాపు లేనట్టే. కదిలే భాగాలు లేవు, చెడిపోవడానికి ఏమీ లేదు.

ఇప్పుడు ఇంధనాన్ని కలిపి తూయండి. అర లీటరు నీళ్లను 10 డిగ్రీల నుంచి మరిగించడానికి సుమారు 190 కిలోజౌళ్లు కావాలి. సగం వేడి గాలిపాలవుతుందనుకుంటే 380. గ్యాస్ గ్రాముకు దాదాపు 46 కిలోజౌళ్లు ఇస్తుంది, ఇథైల్ ఆల్కహాల్ 27 మాత్రమే. అంటే ప్రతి మరుగుకూ గ్యాస్ 8 గ్రాములు, స్పిరిట్ 14 గ్రాములు. అమెరికా పెట్రోలు బంకుల్లో పసుపు సీసాల్లో దొరికే మిథైల్ ఆల్కహాల్ అయితే ఇంకా ఎక్కువ, పైగా అది విషం. గ్యాస్ వైపు స్టవ్, ఖాళీ డబ్బా కలిపి 170 గ్రాములనుకోండి. స్పిరిట్ వైపు స్టవ్, గాలికి అడ్డు పెట్టే రేకు, ప్లాస్టిక్ సీసా కలిపి 55. తేడా 115 గ్రాములు. మరుగుకు 6 గ్రాముల చొప్పున ఆ లాభం 19 మరుగుల్లో కరిగిపోతుంది. రోజుకు రెండుసార్లు కాచుకునే ఒక్క మనిషికి తొమ్మిది, పది రోజులు. నాలుగైదు రోజులకోసారి ఊరు తగిలే అపలాచియన్ దారిలో స్పిరిట్ గెలుస్తుంది. ఇద్దరు కలిసి వండుకుంటూ పన్నెండు రోజులు ఊరు తగలని దారిలో వెళ్తే గ్యాస్ గెలుస్తుంది. మంచు కరిగించాల్సి వస్తే లెక్క ఇంకా గ్యాస్ వైపు, విపరీతమైన చలిలో పెట్రోలు, కిరసనాయిలు వైపు ఒరుగుతుంది.

గ్యాసుకూ చలి గండం ఉంది. డబ్బాలో ఉన్నది ద్రవం. అది ఆవిరైతేనే మంట. సాధారణ బ్యూటేన్ మరిగే ఉష్ణోగ్రత మైనస్ 0.5 డిగ్రీలు, ఐసోబ్యూటేన్‌ది మైనస్ 12, ప్రొపేన్‌ది మైనస్ 42. మంచి డబ్బాల్లో చివరి రెండూ కలుపుతారు. స్టవ్ మండుతున్న కొద్దీ ఆవిరయ్యే ద్రవం తన వేడిని తానే తీసుకుపోతుంది. డబ్బా పక్కల ముందు చెమట పడుతుంది, కాసేపటికి ద్రవం ఎంత ఎత్తుందో అంతమేరా తెల్లటి పొర కడుతుంది, మంట కుంగుతుంది. ప్రొపేన్ ముందే ఎక్కువగా పోతుంది కాబట్టి డబ్బా అడుగంటే కొద్దీ ఇది ముదురుతుంది. రాత్రి డబ్బాను స్లీపింగ్ బ్యాగులో పెట్టుకుని పడుకోవడం, పొద్దున దాన్ని రెండు వేళ్ల లోతు వాగు నీళ్లలో నిలబెట్టడం హైకర్లు వాడే చిట్కాలు. గడ్డకట్టని నీళ్లు ఎంత చల్లగా ఉన్నా సున్నా కంటే వెచ్చగానే ఉంటాయి, డబ్బాకు అది చాలు.

కొత్తగా సామాను కొనేవాళ్లకు నేను ముందు చెప్పేది స్టవ్ పేరు కాదు, మూత గురించి. మూత లేని గిన్నె, అడ్డం లేని గాలి కలిస్తే ఇంధనం ఖర్చు రెట్టింపయినా ఆశ్చర్యం లేదు. 25 గ్రాముల స్టవ్ కొని మిగుల్చుకున్నదంతా కొద్ది రోజుల్లోనే పోతుంది. అయితే గ్యాస్ డబ్బా చుట్టూ గాలికి అడ్డు పెట్టే రేకు బిగించకూడదు, డబ్బా వేడెక్కి పేలవచ్చు. స్పిరిట్ స్టవ్‌కు మరో ప్రమాదం: పగటి వెలుగులో దాని మంట కంటికి కనబడదు. ఆరిపోయిందనుకుని మళ్లీ పోస్తే సీసాకే అంటుకుంటుంది. ఒక్క తిప్పుతో ఆపే వాల్వు లేదని, అడవులు తగలబడే కాలంలో కాలిఫోర్నియాలో చాలాచోట్ల దాన్ని నిషేధిస్తారు కూడా.

హైదరాబాద్ నుంచో విశాఖ నుంచో విమానంలో డెహ్రాడూన్ దాకా వెళ్లి అక్కడి నుంచి కొండలెక్కేవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. గ్యాస్ డబ్బా, స్పిరిట్, పెట్రోలు ఏవీ విమానం ఎక్కవు. కాబట్టి అక్కడ దిగాక ఏ ఇంధనం దొరుకుతుందో ముందు కనుక్కుని, తర్వాత స్టవ్ ఎంచుకోవాలి. సగం వాడిన డబ్బా ఎవరైనా ఇస్తే వదులుకోనక్కర్లేదు. త్రాసు మీద పెట్టి ఖాళీ డబ్బా బరువు తీసేస్తే మిగిలిందే గ్యాస్. ఆ గ్రాములను ఎనిమిదితో భాగించండి, వాగు నీళ్లైతే ఎన్ని అర లీటర్లు మరుగుతాయో తెలుస్తుంది.