ఇచ్చోడ: పులి బాటలో పసుల మంద

నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ ఎక్కగానే గాలి చల్లబడుతుంది. నేరడిగొండ దాటాక రెండు పక్కలా నల్లరేగడి చేలు, చేల అంచున టేకు చెట్లు, వాటి వెనక గుట్టలు. నాగపూర్ వైపు లారీలు దూసుకుపోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద వెళ్లేవాళ్లకు ఇచ్చోడ అంటే ఒక బస్టాండు, విత్తనాల దుకాణాలు, చాయ్ హోటళ్లు. అంతవరకే చూసి వెళ్లిపోతే ఈ మండలం అర్థం కాదు. రోడ్డు దిగి ఏ పల్లెకు పోయినా ముందు ఎదురయ్యేది ఎడ్ల కొట్టమే.

ఆదిలాబాద్ చలి సంగతి తెలిసిందే. రాష్ట్రంలో చాలా తక్కువ ఉష్ణోగ్రతలు నమోదయ్యే జిల్లాల్లో ఇదొకటి. ఆ చలిలోనే, ఇంకా తెల్లవారకముందే కొట్టంలో పని మొదలవుతుంది. పెండ ఎత్తి పెంటకుప్ప మీద వేయాలి, జొన్నచొప్ప కోసి వేయాలి, కుడితి పెట్టాలి. ఇందులో సగానికి పైగా ఆడవాళ్ల చేతుల మీదుగానే సాగుతుంది. లేగలను విడిచి పాలు పిండేసరికి కాపరి కేక వినిపిస్తుంది. ఇంటింటి గొడ్లు ఒక్కటై, మెడల్లో చెక్క గంటలు మోగుతుండగా అడవి దారి పడతాయి. ఇక్కడ గోండులు, మథుర లంబాడాలు, మరాఠీ మాట్లాడే కుటుంబాలు, తెలుగు రైతులు పక్కపక్క ఊళ్లలోనే ఉంటారు. భాషలు వేరైనా గొడ్డును అదిలించే కేకలు మాత్రం అందరికీ తెలుసు.

మందతో పాటు పక్షులూ కదులుతాయి. గేదె వీపెక్కి కూర్చునే నల్లటి పసులపోలిగాడు, గిట్టల అలికిడికి లేచిన మిడతలను గాలిలోనే పట్టుకుంటుంది. తెల్లకొంగలు ఆవుల కాళ్ల మధ్యే తిరుగుతాయి. చేలల్లో నెమళ్లు, గట్ల మీద కొండముచ్చులు, రాత్రి అయితే అడవిపందులు. పంట కాపాడుకోవాలని కొందరు కరెంటు తీగలు పెడతారు. ఆ తీగకు పంది ఏదో, మంద నుంచి తప్పిపోయిన ఆవు ఏదో, చీకట్లో నీళ్లు పెట్టడానికి వచ్చిన పక్క చేను రైతు ఎవరో తెలియదు. ఆ తీగ ఎంత మాత్రమూ పెట్టకూడదు.

ట్రాక్టరు వచ్చాక ఎద్దులు పోతాయని అన్నవాళ్లు పత్తి చేను చూసి ఉండరు. దుక్కి ట్రాక్టరు దున్నుతుంది, నిజమే. మొక్క మోకాలెత్తు పెరిగాక సాళ్ల మధ్యకు అది రాలేదు. అప్పుడు కలుపు తీసే డౌర కొట్టాలంటే ఎద్దులే కావాలి. ఆకు అందుకోకుండా మూతికి చిక్కం కట్టి, ఒక్క మొక్క తొక్కకుండా సాలు పట్టుకుని నడిచే జత ఉంటే ఆ రైతుకు ఊళ్లో పేరు. అందుకే ఇచ్చోడ పశువుల అంగడిలో మంచి జతకు నేటికీ గిరాకీ. కొనేవాడు ముందు నోరు తెరిచి పళ్లు చూస్తాడు. రెండు పళ్లదా, నాలుగు పళ్లదా, నోరు కలిసిందా? తర్వాత సుడులు, ఆపైన నడక. పాత బేరగాళ్లు తువాలు కింద వేళ్లు పట్టుకునే ధర తేల్చుకుంటారు, నోటితో ఒక్క అంకె చెప్పరు. సరిహద్దుకు అవతల నాందేడ్ జిల్లా ఎర్ర కంధారి జాతి పుట్టిల్లు. ఆ ఎర్ర ఎడ్ల పేరు ఇటు వైపు రైతులకు కొత్త కాదు.

పాత సామాను మీద ఇక్కడి వాళ్లకున్న మమకారం చూడాల్సిందే. చేత్తో తిప్పే చక్రం ఉన్న చొప్ప కత్తెర మిషన్, కరెంటు మోటార్లు రాకముందు వాగు నీళ్లు తోడిన ఆయిల్ ఇంజిన్, రంగు పోయినా దుక్కికి వెళ్లే పాత మహీంద్రా. ఏదీ పాత ఇనుము వాడికి వేయరు. విరిగిన పంటి చక్రాన్ని కమ్మరి కొలిమిలో అతికించుకుని మరో నాలుగేళ్లు నడుపుతారు.

అన్నిటికంటే పెద్ద యంత్రం ఎడ్లబండే అంటాను. చెక్క చక్రానికి ఇనుప పట్టా తొడగడం చూసినవాళ్లు మరిచిపోలేరు. పట్టాను చక్రం కంటే కొంచెం చిన్నదిగా చేసి, చుట్టూ పిడకలు పేర్చి ఎర్రగా కాలుస్తారు. కాలి సాగిన పట్టాను పటకార్లతో ఎత్తి చక్రానికి దించి, వెంటనే నీళ్లు కుమ్మరిస్తారు. ఇనుము చల్లారి బిగుసుకుంటే ఆకులన్నీ కిర్రుమని తమ చోట గట్టిపడతాయి. మేకు ఒక్కటి లేకుండా ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఇరుసుకు కందెన పెట్టడం, సీల సరిచూడడం ఇంటి పిల్లవాడి పని. పక్క మండలం ఇంద్రవెల్లిలోని కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు నాగోబా జాతర జరుగుతుంది. మెస్రం వంశీయులు అక్కడి మర్రిచెట్ల కిందికి ఈనాటికీ ఎడ్లబళ్లు కట్టుకుని వస్తారు. పొలాల అమావాస్య నాడైతే ఎద్దులకు పని లేదు. కడిగి, కొమ్ములకు రంగులు వేసి, హనుమంతుడి గుడి చుట్టూ తిప్పి, నైవేద్యం తినిపిస్తారు.

ఇక పెండ. మండలంలోని ముఖరా(కె) గ్రామం వర్మీకంపోస్టు తయారుచేసి అమ్మింది, వచ్చిన డబ్బుతో సోలార్ ప్యానెళ్లు పెట్టుకుంది. జాతీయ స్థాయిలో ఆ ఊరి పేరు వినిపించడానికి ఎరువు కూడా ఒక కారణం.

పులి మాట చెప్పకుండా ఇక్కడి పసుల కథ పూర్తి కాదు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా అడవుల్లో కవ్వాల్ 1965లో అభయారణ్యమైంది, 2012లో పులుల రక్షిత ప్రాంతమైంది. పెన్‌గంగ అవతల మహారాష్ట్రలో టిపేశ్వర్ అడవి ఉంది. అక్కడ సంఖ్య పెరిగినప్పుడల్లా పులులు కొత్త చోటు వెతుక్కుంటూ నది దాటి వస్తాయి. 2024 చివరిలో జానీ అనే మగపులి జోడు కోసం మహారాష్ట్ర వైపు నుంచి వచ్చి బోథ్, నేరడిగొండ చుట్టుపక్కల తిరిగింది, రహదారినీ దాటింది, దారిలో పశువులను చంపింది. లోకమంతా ఆ నడకను మెచ్చుకుంది. ఆ ఆవుల యజమానుల గురించి మాట్లాడినవాళ్లు తక్కువ.

ఆవు పోయినవాడి కోపం ఎటు పోతుందో 2024 జనవరిలో కాగజ్‌నగర్ దగ్గర దరిగాం అడవిలో చూశాం. చంపిన పశువు కళేబరం మీద విషం చల్లారు, రెండు పులులు చనిపోయాయి. పసుల మంచి కోసం చేసింది కూడా అడవికి చేటు కావచ్చు. పశువుల నొప్పికి వాడిన డైక్లోఫెనాక్ మందు, వాటి కళేబరాలు తిన్న రాబందులను దేశమంతా దాదాపు తుడిచిపెట్టింది. 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద గూళ్లు కట్టిన రాబందులు ఈ ప్రాంతానికి దక్కిన అదృష్టం. మీ ఆవుకు నొప్పి సూది వేయించేటప్పుడు రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ అడగండి.

పులిని కాపాడే ఖర్చులో మొదటి వాటా ఈ పల్లెలు కడుతున్నాయి. పాలిచ్చే ఆవో, డౌర లాగే ఎద్దో పోతే ఆ ఇంటికి ఆ ఏడాది సేద్యమే ఆగుతుంది. అటవీ శాఖ పరిహారం ఇస్తుంది, అందుకు పశువైద్యుడు చూసి ధ్రువీకరించాలి, కళేబరాన్ని కదపకూడదు. రైతు ఆ నియమం పాటించి ఊరుకున్నాడంటే ప్రభుత్వాన్ని నమ్మాడన్నమాట. కాబట్టి పంచనామా అయిన వారంలోనే, వానాకాలం సాగు మొదలయ్యేలోపే, కొత్త ఎద్దు కొనుక్కోగలిగేంత సొమ్ము ఆ రైతు చేతికి చేరేలా చూడాలని అటవీ శాఖను, జిల్లా అధికారులను కోరుతున్నాను.