కాంతి తాకితే మారే పదార్థాలు



తిరువాలంగాడు మీదుగా అరక్కోణం వెళ్లేవారు పట్టాలు చీలే చోట పాయింట్లను చూసే ఉంటారు. ఒకసారి ఇటు తిప్పితే, మళ్లీ తిప్పేదాకా ఇటే ఉంటాయి. ఇలా తిప్పిన స్థితిని గుర్తుంచుకునే పదార్థాలను శాస్త్రజ్ఞులు ఫెర్రోయిక్ పదార్థాలు అంటారు.

ఇవి మనకు కొత్త కావు. ఒకప్పుడు పాటలు రికార్డు చేసుకున్న క్యాసెట్ టేపు మీది పూత అయస్కాంత జాతి. వంటింట్లో టక్కుమనే గ్యాస్ లైటర్‌లోని పింగాణీ బిళ్ల విద్యుత్ జాతి. దానిలో ధన, రుణ ఆవేశాలు కొద్దిగా ఎడంగా జరిగి ఉంటాయి.

ఈ గుణాలు స్ఫటికంలో పరమాణువుల అమరికకు ఉన్న సౌష్ఠవాన్ని బట్టి వస్తాయి. అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం గారు ఈ విషయం మీదే 1966లో ఇంగ్లీషులో ఒక గ్రంథం వెలువరించారు. అమరికను కాస్త కదిలిస్తే గుణమే మారుతుందన్నమాట. మరి కదిలించడం ఎలా? మామూలుగా తీగచుట్టలో కరెంటు పారించో, వోల్టేజి పెట్టో తిప్పుతారు. కాంతితో ఇంకా వేగంగా తిప్పవచ్చు.

సెకనును పది కోట్ల కోట్ల భాగాలు చేస్తే ఒక భాగం పేరు ఫెమ్టోసెకను. సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోయే కాంతి, 40 ఫెమ్టోసెకన్లలో తలవెంట్రుక మందమైనా దాటదు. 1996లో ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఇంత చిన్న లేజరు తాకిడితో నికెల్ పొర అయస్కాంతత్వాన్ని క్షణంలో బాగా తగ్గించారు. 2007లో నెదర్లాండ్స్ శాస్త్రజ్ఞులు గడోలినియం, ఇనుము, కోబాల్టు కలిసిన పొరలో అయస్కాంత దిశనే కాంతితో తిప్పేశారు. బయటి అయస్కాంతం అవసరమే రాలేదు. అయితే ఇలాంటి పొరలు తాకిడి వల్ల పుట్టే వేడికే తిరగగలవని 2012లో తేలింది.

వేడి లేకుండా తిప్పగలమా అన్నదే అసలు ప్రశ్న. ఊయలను దాని ఊపుకు తగినట్టు నెడితే చిన్న తోపు చాలు కదా! అలాగే పరమాణువుల కంపనానికి సరిపోయే కాంతిని ఎంచుకోవాలి. స్ట్రాన్షియం టైటనేట్ అనే స్ఫటికం ఎంత చల్లబరచినా తనంతట తాను విద్యుత్ జాతిలో చేరదు. 2019లో ఇలాంటి కాంతితో దాన్ని ఆ స్థితికి తెచ్చారు. జర్మనీలోని హాంబర్గ్‌లో జరిగిన ప్రయోగంలో, కాంతి ఆపిన తరువాత కూడా ఆ స్థితి గంటల తరబడి నిలిచింది.

దీనివల్ల మనకేమిటి? మనం ఫోనులో పంపే ఫోటోలు, బ్యాంకు లెక్కలు దూరాన ఉన్న పెద్ద కంప్యూటర్ కేంద్రాలలో దాగుతాయి. వాటిని నడపడానికీ, చల్లబరచడానికీ ఎంతో కరెంటు ఖర్చవుతోంది. వేడి తక్కువగా, వేగం ఎక్కువగా రాసే పద్ధతి దొరికితే ఆ మేరకు కరెంటు ఆదా. ఇంకా ఈ పని ప్రయోగశాల గడప దాటలేదు. అందుకు కావలసిన లేజర్లు పెద్దవి, ఖరీదైనవి. అయినా దారి మాత్రం కనిపించింది.