నూటికి నూరు: తక్కినవా రెక్కడ?

ఉన్నత పాఠశాల ఏటేట తల్లిదండ్రులకు సమర్పించు ప్రగతి నివేదికలో మొదట వినబడునది పదవ తరగతి ఉత్తీర్ణతాశాతము. అది అబద్ధము కాదు, సగము మాట. బొగ్గుగనుల ఊరై, చుట్టును కోయగూడెములు, లంబాడీ తండాలు గల ఇల్లందు వంటి చోట మిగిలిన సగమే ముఖ్యమని మేము తలంచుచున్నాము.

ఆరవ తరగతిలో 50 మంది చేరిరనుకొందము. అయిదవ యేట పరీక్షకు కూర్చున్నవారు 30 మంది, అందరును గట్టెక్కిరి. నివేదికలో నూటికి నూరు! తక్కిన 20 మంది? కొందరు ఆశ్రమ పాఠశాలకో, వేరొక ఊరికో మారియుందురు. కొందరు బడియే మానియుందురు. ఈ రెండు లెక్కలను వేరువేరుగా చెప్పవలెను. హాజరును నెలవారీగా చూపవలెను. ఖమ్మం ప్రాంతమున మిరపకాయలు ఏరు కాలమును, మార్చి పరీక్షలకు సిద్ధపడు కాలమును ఒక్కటే. పెద్దలవెంట చేలకు పోయిన పిల్లల ఖాళీ చోట్లు సంవత్సరపు సగటులో కనబడవు.

ఎనిమిదవ తరగతి వరకు పిల్లల హాజరును, ప్రగతిని తల్లిదండ్రులకు తెలుపుట ఉపాధ్యాయుల విధియని 2009 నాటి విద్యాహక్కు చట్టము చెప్పినది. తెలుపుట యనగా అచ్చుకాగితము పంచుట కాదు గదా! చదువురాని తండ్రికి చదివి వినిపింపవలెను; ఇంట కోయమాట పలుకు తల్లికి ఆ భాష తెలిసినవారిచేత చెప్పింపవలెను. సభకు పోవు శ్రోతలు, అయిదేండ్ల నాటి ఆరవ తరగతి హాజరుపట్టీని కూడ తెప్పించి చూచుట మంచిది.