పల్లేరుకాయ పెట్టిన పరీక్ష

‘పరిణామం’ అనే మాట మీద తెలుగు పంతులుగా నాకు చిన్న అభ్యంతరం ఉంది. మన దర్శనకారులు దీనికి చెప్పే ఉదాహరణ పాలు పెరుగు కావడం. అక్కడ మారేది ఆ పాలే. దాంతో, కరువొస్తే పిట్ట తన ముక్కును తానే పెంచుకుంటుందని పెద్దలు కూడా అనుకుంటారు. నిజంగా జరిగేది వేరు.

పసిఫిక్ సముద్రంలో, ఈక్వడార్ దేశానికి పడమరగా సుమారు వెయ్యి కిలోమీటర్ల దూరాన గాలపాగోస్ దీవులున్నాయి. 1835లో డార్విన్ చూసిన దీవులే. జాతుల్లో మార్పు మనిషి కంటికి ఆనేటంత త్వరగా జరగదని ఆయన నమ్మకం. ఐతే అక్కడే డాఫ్నే మేజర్ అనే చిన్న రాతిదీవిలో పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు 1973 నుంచి గుడారాలు వేసుకుని, పిచ్చుకంతేసి ఫించ్ పిట్టలను వలల్లో పట్టి, కాళ్లకు రంగుకడియాలు తొడిగి, ముక్కులు కొలిచి వదిలేవారు. ఇలా నలభై యేళ్లు! ఇంటి పద్దు నాలుగు నెలలు వరసగా రాయలేం మనం.

1977లో వాన మొహం చాటేసింది. చిన్న గింజలు ముందే అయిపోయాయి. మిగిలింది పల్లేరుకాయ, మన చేలగట్ల మీద కాళ్లకు గుచ్చుకునేదానికి దగ్గరి చుట్టం. దాన్ని పగలగొట్టాలంటే మందమైన ముక్కు కావాలి. అక్కడి మధ్యరకం ఫించ్‌లలో నూటికి 85 చచ్చిపోయాయి. బతికినవాటి ముక్కు పాత సగటుకంటె అర మిల్లీమీటరు మందం, అంతే! ఏ పిట్ట ముక్కూ పెరగలేదు. సన్నముక్కులవి ఎక్కువగా పోయాయి. ముక్కు పోలిక తల్లిదండ్రులనుంచి వచ్చేదే కనుక తరువాతి తరానికీ మందపు ముక్కే వచ్చింది. అన్నిటికీ ఒకే కొలత ముక్కు ఉండివుంటే ఆ యేడే అక్కడ ఆ జాతి కథ ముగిసేదేమో!

1983లో కుండపోత. చిన్న గింజలు విరివిగా పండాయి. తరువాతి యేళ్లలో చిన్నముక్కులదే పైచేయి.

2004 నాటికి మళ్లీ కరువు. ఈసారీ పెద్దముక్కులే గెలవాలి కదా? కాని 1982లో అక్కడ కాపురం పెట్టిన పెద్ద ఫించ్ జాతి ఒకటి పల్లేరుకాయలన్నీ తినేసింది. దాంతో మధ్యరకం పిట్టల్లో పెద్దముక్కులవే ఎక్కువగా రాలిపోయాయి, చిన్న గింజలు ఏరుకునేవి తట్టుకున్నాయి. కాయలు ఖాళీ చేసిన ఆ పెద్దజాతి కూడా ఆకలికి తాళలేక చాలావరకు నశించింది.