ఒక జేబులో ఇన్‌హేలర్, ఇంకో జేబులో సిగరెట్

మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చేపమందు కోసం బారులు తీరే జనాన్ని చూస్తే ఉబ్బసం మనిషిని ఎంత వేధిస్తుందో తెలుస్తుంది. అదే జబ్బున్న కుర్రాడు మీర్‌పేట్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో టీకొట్టు దగ్గర సిగరెట్ వెలిగిస్తే, వయసు కాపాడుతుందన్న నమ్మకమే కారణం. ఆ నమ్మకం తప్పు. ఊపిరితిత్తుల సామర్థ్యం పాతికేళ్లలోపే శిఖరానికి చేరి, తర్వాత నెమ్మదిగా తరుగుతుంది. బలంగా ఊదినప్పుడు మొదటి సెకనులో బయటికొచ్చే గాలి ఏడాదికి మామూలువారిలో 22 మిల్లీలీటర్లు తగ్గితే, ఉబ్బసం ఉన్నవారిలో 38 తగ్గిందని 1998 నాటి కోపెన్‌హాగన్ అధ్యయనం తేల్చింది. సిగరెట్ ఆ తరుగును ఇంకా పెంచుతుంది.

ఇన్‌హేలర్ ఉందిగా అంటారు. కానీ అందులో వాపును తగ్గించే స్టెరాయిడ్ మందే పొగతాగేవారిలో సరిగా పనిచేయదు. అసలు చిక్కు ఇక్కడే. ఎల్బీనగర్ ట్రాఫిక్ పొగ ముందు రెండు సిగరెట్లెంత అన్న వాదనా ఉంది. రోడ్డు పొగ హానికరమే, కానీ దాన్ని ఒక్కరం ఆపలేం, సిగరెట్‌ను ఆపగలం. గ్లాస్గోలో 2006 నాటి ఒక చిన్న అధ్యయనంలో, మానేసిన ఉబ్బసం రోగులకు ఆరు వారాల్లోనే ఆ మొదటి సెకను గాలి, మానని వారికంటే దాదాపు 400 మిల్లీలీటర్లు మెరుగైంది. మానాలనుకునేవారు 1800-11-2356కు ఉచితంగా ఫోన్ చేయండి.