పుండు ఎండితే మానినట్టేనా?

కర్మన్‌ఘాట్ వైపు నుంచి మా దగ్గరికొచ్చే షుగర్ రోగుల్లో కొందరు కాలి పుండును గాలికి ఆరబెట్టుకుంటూ రోజులు గడిపేస్తారు. స్పర్శ తగ్గడంతో నొప్పి తెలియదు. పైన పెచ్చు కడితే మానిందనుకుంటారు. నిజానికి కొత్త చర్మకణాలు తగినంత తడి ఉంటేనే సులువుగా పాకుతాయి. తడి ఆరకుండా కప్పిన గాయం మీద చర్మం దాదాపు రెట్టింపు వేగంగా పరుచుకుంటుందని 1962లో జార్జ్ వింటర్ పందులపై చేసిన ప్రయోగంలో తేల్చారు. తడి మితిమీరినా చుట్టూ చర్మం నానిపోతుంది. అందుకే రసి ఎక్కువగా కారితే సముద్రపు నాచుతో చేసే ఆల్జినేట్ పట్టీ వేస్తాం. అది రసిని పీల్చుకుని జెల్‌లా మారుతుంది. అందులోని కాల్షియం రక్తం గడ్డకట్టడానికీ తోడ్పడుతుంది. ఏ పుండుకు ఏ పట్టీ అన్నది పాదానికి రక్తప్రసరణ ఎలా ఉందో చూసి డాక్టరే నిర్ణయించాలి.

గాయం నుంచి రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో పది నిమిషాలు వదలకుండా అదిమి పట్టండి. కాఫీపొడి, పసుపు అద్దొద్దు. షుగర్ ఉంటే పాదం మీద చిన్న పుండైనా ఆ రోజే చూపించుకోండి.