డొంక దారి ఎవరిది?

కోతల కాలంలో పల్లెల్లో చాలా తగాదాలు దారి దగ్గరే మొదలవుతాయి. రెండు బండ్లు ఎదురైనా తప్పుకోగలిగిన డొంకను ఏటా ఈ పక్క ఒక చాలు, ఆ పక్క ఒక చాలు కలిపి దున్నుకుంటూ పోతే చివరికి కాలిబాట మిగులుతుంది. దాన్నీ సర్కారు తుమ్మ కమ్మేస్తుంది. వరికోత యంత్రం రోడ్డు మీదే ఆగిపోతుంది. లోపలి చేను రైతు పక్కవాళ్ల కోతలయ్యేదాకా ఆగాలి, లేదా కూలీలతో కోయించి మోపులు తలమీద మోయించాలి.

దారి బాగుచేయాలనగానే గ్రావెల్ మాటే వస్తుంది. నా దృష్టిలో అది చివరి పని. ముందు ఆ దారి రికార్డులో ఏమని ఉందో తేల్చుకోవాలి.

కొన్ని పుంతలు, డొంకలు, బండ్ల బాటలు సొంత సర్వే నంబరుతో పోరంబోకుగా నమోదై ఉంటాయి. వీటిని ఆక్రమిస్తే 1905 నాటి భూ ఆక్రమణ చట్టం కింద తహసీల్దారు నోటీసిచ్చి తొలగించవచ్చు. గ్రామ ఉమ్మడి భూముల్లో ఆక్రమణలు తొలగించేందుకు పథకాలు సిద్ధం చేయాలని 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. ఏళ్లుగా అనుభవిస్తున్నామన్న వాదన చెల్లదని కూడా చెప్పింది.

కొన్ని బాటలు పట్టా భూమి గుండా పోతాయి కానీ గ్రామ నక్షాలో గీతలుగా కనిపిస్తాయి. ఆ గీతే ఊరికి గట్టి ఆధారం.

చిక్కంతా ఏ కాగితంలోనూ లేని దారులతోనే. తాతల నాటి నుంచి నడుస్తున్నామని అందరికీ తెలుసు, పొలం చేతులు మారగానే కొత్త యజమాని కంచె వేస్తాడు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం 20 ఏళ్లపాటు బాహాటంగా, అడ్డంకి లేకుండా, హక్కుగా నడిచిన దారిని సివిల్ కోర్టులో అడగవచ్చు. ఒకరి అనుమతితో నడిస్తే అది హక్కు కాదు. దారి మూసేశాక రెండేళ్లు దాటితే ఈ వాదన నిలవదు. పెద్దమనుషుల పంచాయితీల్లోనే ఆ రెండేళ్లు గడిపేసి నష్టపోయేది ఎక్కువగా చిన్న రైతులే. భాగాలు పంచుకున్నప్పుడు వేరే దారే లేని చేనుకు అవసరం రీత్యా దారి హక్కును అదే చట్టం గుర్తిస్తుంది.

అన్నిటికన్నా బాధపెట్టేది శ్మశానం దారి. చాలా దళితవాడల్లో నాటు వేసిన మడిలో బురద తొక్కుతూ పాడె మోయాల్సి వస్తోంది. రైతుకు పరిహారమిచ్చి ఆ కొద్దిపాటి నేలను సేకరించడం ప్రభుత్వం చేయాల్సిన పని. చావు జరిగిన ఇంటివాళ్లు పట్టాదారును బతిమాలుకునే స్థితి ఉండకూడదు.

కాబట్టి ముందు సర్వేయరు పొలం కొలతల రికార్డైన ఎఫ్‌ఎంబీనో, తెలంగాణలో అయితే టిప్పన్‌నో చూసి దారిని కొలవాలి. రెండు వైపులా రాళ్లు పాతాలి. తుమ్మను వేళ్లతో సహా పెకలించాలి, పైపైన కొడితే మళ్లీ చిగురిస్తుంది. పంట కాలువ దాటేచోట తూము వేయాలి, లేకపోతే ఒక్క వానకే మట్టి కొట్టుకుపోతుంది. గ్రావెల్ ఆ తర్వాత.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో రీసర్వే మొదలైంది. అలాంటి కొలతలప్పుడు ప్రతి రైతూ తన గట్టు దగ్గర నిలబడతాడు, డొంక తరఫున నిలబడేవాళ్లుండరు. పంచాయతీ ఒకరిద్దరు పెద్దలను అందుకే పంపించి, దారి వెడల్పు రికార్డులోకి ఎక్కేదాకా కదలొద్దని చెప్పాలి.